మేడికొమ్మ మీది పొన్నంగి

నరహరి గురువారం పొద్దున ఎనిమిది కాకముందే మొయినుద్దీన్ సాబ్ ఇంటికి వెళ్ళాడు. చేతిలో గుడ్డసంచి. సంచిలో బైనాక్యులర్స్, నీలం అట్ట రిజిస్టరు. రెండూ తొమ్మిదేళ్ళ కిందట సాబ్ తన చేతికి ఇచ్చినవే. వాటిని తిరిగి ఇచ్చేసి, ఇక ఆదివారాలు రాలేనని చెప్పాలి. ఆ ఒక్క వాక్యాన్నే దారి పొడుగునా సరిచూసుకుంటూ వచ్చాడు.

సాబ్‌కు డెబ్భై ఆరేళ్ళు. వాతావరణ శాఖలో ముప్ఫై మూడేళ్ళు అబ్జర్వరుగా పనిచేశాడు. ఎండ, గాలి, వాన కొలిచి రాయడం ఆయన ఉద్యోగం. నగరం పడమటి అంచున పాలకుంట పార్కులో పక్షులను చూసే ఆదివారపు నడక ఆయన మొదలుపెట్టిందే. ఇరవై మూడేళ్ళయింది. మోకాళ్ళు అరిగాక నడకను నరహరికి అప్పజెప్పాడు. రెండేళ్ళుగా పార్కు వైపే రావడం లేదు.

నరహరి బస్ డిపోలో కంట్రోలరు. శనివారం రాత్రి డ్యూటీ దిగి, డిపో నల్లా దగ్గర ముఖం కడుక్కుని, నేరుగా పార్కుకు వచ్చేవాడు. తొమ్మిదేళ్ళలో తప్పిన ఆదివారాలు నాలుగు. వాటిలో రెండు చావులు, ఒకటి జ్వరం, ఒకటి కూతురి పెళ్ళి.

ఖుర్షీద్ బేగం తలుపు తీసింది.

"రా నరహరీ. ముఖం గట్ల పీక్కపోయిందేంది? మీ డిపోల మనుషులను పండుకోనియ్యరా?"

"పండుకున్నా నిద్ర పడతలేదు అమ్మా."

సాబ్ వరండాలో కుర్చీలో ఉన్నాడు. మోకాళ్ళ మీద కంబళి. సంచిని చూశాడు, నరహరి ముఖం చూశాడు. 

"కూర్చో. చాయ్ తాగు."

నరహరి చాయ్ సగం తాగాడు. సరిచూసుకున్న వాక్యం నోటికి రాలేదు.

"సాబ్, ఇగ నాతోని కాదు," అన్నాడు. "వేరే ఎవరికన్న ఇయ్యండి."

"అలసిపోయినవా?"

"అలసిపోయిన. కానీ అది కాదు. తప్పు చేసిన."

పోయిన ఆదివారం జరిగింది చెప్పాడు.

మంచు దట్టంగా పడిన పొద్దు అది. ఇరవై ఇద్దరు వచ్చారు. వాళ్ళలో సగం మంది కొత్తవాళ్ళు. గంటన్నర నడిచినా కాకులు, గోరింకలు, ఒక పికిలి జంట తప్ప మరేమీ కనబడలేదు. కుంట మీద మంచు పరదా లేవలేదు. పెద్ద కెమెరా మోసుకొచ్చిన పరాంకుశం అనే ఆయన, "ఇవి మా బాల్కనీలో కూడా ఉంటాయండీ. పొద్దున్నే బిస్కెట్లు వేస్తే ఇంకా దగ్గరగా వస్తాయి," అన్నాడు. నలుగురు నవ్వారు. ఒకావిడ తిరిగి వెళ్ళడానికి ఫోనులో ఆటో చూసుకుంటోంది.

తూము దాటాక వెదురు పొద, దాని వెనక ఒక పాత మేడిచెట్టు. ఆ చెట్టు కొమ్మ ఒకటి నేలకు రెండడుగుల ఎత్తులో అడ్డంగా వంగి ఉంటుంది. నరహరి అలవాటుగా బైనాక్యులర్స్ ఎత్తి ఆ కొమ్మ వైపు చూశాడు. కొమ్మ ఖాళీగా ఉంది. రాత్రంతా మెలకువగా ఉన్న కళ్ళు మండుతున్నాయి. వెనక ఇరవై ఇద్దరు ఎదురుచూస్తున్నారు.

"అదిగో," అన్నాడు. "పొన్నంగి. వంగిన కొమ్మ మీద."

ఎందుకన్నాడో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

పొన్నంగి పిట్టను పాత నగరంలో నౌరంగ్ అంటారు. ఆకుపచ్చ వీపు, తోక కింద ఎరుపు, ఒంటి మీద తొమ్మిది రంగులు లెక్కపెట్టవచ్చు. పాలకుంటలో అది ఎన్నడూ కనబడలేదు. ఒక్కసారిగా ఇరవై రెండు జతల కళ్ళు పొద వైపు తిరిగాయి.

"ఏదీ? ఏదీ?"

"ఆఁ, దొరికింది! ఎరుపు కనబడింది!"

"తల తిప్పింది చూడండి," అంది రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ సువర్చల గారు.

పరాంకుశం కెమెరా పదిసార్లు టకటకలాడింది. "మంచు వల్ల బ్లర్ వచ్చింది గానీ, ఉంది. అదిగో, ఆ పచ్చటిది," అని తెర చూపించాడు. తెర మీద పచ్చటివి చాలా ఉన్నాయి. ఆకులు.

నడక అయ్యాక పడమటి గేటు దగ్గర రాతిబెంచీ మీద రిజిస్టరు తెరవడం ఆనవాయితీ. నరహరి ఒక్కో పిట్ట పేరు చదువుతాడు. చూసినవాళ్ళు చెయ్యెత్తుతారు. కనీసం ఇద్దరు చూస్తేనే పేరు రిజిస్టరుకు ఎక్కాలి. ఒక్కడి కన్ను పొరపడవచ్చని సాబ్ మొదటి ఏడే పెట్టిన నియమం అది. ఆ రోజు పొన్నంగికి పద్దెనిమిది చేతులు లేచాయి.

నరహరి రాశాడు.

సాయంత్రానికి ఆ కబురు నాలుగు వాట్సాప్ గ్రూపులు తిరిగింది. వచ్చే ఆదివారానికి ఇప్పటికే అరవై మంది పేర్లు ఇచ్చారు. సిద్దిపేట నుంచి ఇద్దరు బైకు మీద వస్తామన్నారు.

చెప్పడం అయిపోయింది. నరహరి గ్లాసు కింద పెట్టాడు. చాయ్ మీద మీగడ కట్టింది.

సాబ్ కుర్చీలో ముందుకు వంగాడు.

"కొమ్మ మీద ఏముండె?"

"ఏం లేకుండె సాబ్."

"బాగ చూసినవా?"

ఆ ప్రశ్న నరహరి ఊహించలేదు. "చూసిన," అన్నాడు. "ఒట్టి కొమ్మ. చివర్ల మూడు ఆకులు. బెరడు మీద తెల్ల మచ్చ ఒకటి."

సాబ్ తల ఊపాడు. గోడ గడియారం వైపు చూసి, కంబళి మడిచి కుర్చీ మీద పెట్టాడు. ఎనిమిదీ ఇరవై రెండు.

"మేడ మీదికి పోవాలె. చెయ్యియ్యి."

వంటింట్లోంచి ఖుర్షీద్ బేగం గొంతు వచ్చింది. "పో పో. పొద్దున నమాజ్‌కు కుర్చీల కూసుంటడు, మోకాళ్ళు వంగయంటడు. వాన కొలిచేందుకు మాత్రం పద్దెనిమిది మెట్లు ఎక్కుతడు. రెండు నెలల సంది ఒక్క చుక్క లేదు నరహరీ. ఆకాశానికి సెలవుంది గాని ఈయనకు లేదు."

"చూడు, ఆమెకు కూడ తెలుసు చుక్క లేదని," అన్నాడు సాబ్. మెట్లెక్కాడు. ఎనిమిదో మెట్టు దగ్గర ఒకసారి ఆగాడు, పద్నాలుగో మెట్టు దగ్గర ఇంకోసారి. నరహరి ఆయన మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఎముక చేతికి తగులుతోంది.

మేడ మీద, గోడలకు దూరంగా, వానను కొలిచే గేజీ ఉంది. తొట్టిలాంటి డబ్బా, పైన గరాటు, లోపల సీసా. సాబ్ రోజూ వాన కొలిచే వేళ, ఎనిమిదిన్నర, అయ్యేదాకా నిలబడ్డాడు. తర్వాత వంగి గరాటు తీశాడు. గరాటులో వేపాకు ఒకటి పడి ఉంటే తీసి పక్కన వేశాడు. సీసా బయటికి తీసి, గీతలున్న కొలగాజులోకి ఒంపాడు. ఏమీ పడలేదు. సీసాను అలాగే కాసేపు తలకిందులుగా పట్టుకున్నాడు. గోడ దాకా వెళ్ళి ఆనుకుని, నొప్పికి పళ్ళు బిగించి, మోకాళ్ళు వంచి, కొలగాజును కంటి ఎత్తుకు తెచ్చుకున్నాడు. అడుగు గీత దగ్గర చూశాడు.

నరహరికి చూడబుద్ధి కాలేదు. "సాబ్, మబ్బే లేదు. కింద కూసోని రాసినా సున్ననే కదా."

"సున్ననే," అన్నాడు సాబ్. గాజును ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"ఈ లెక్కలు ఇప్పుడు ఎవరికి పంపుతరు?"

"ఎవరికి పంపను."

సాబ్ లేచాడు. నిలబడడానికి కొంతసేపు పట్టింది. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, తేదీ, సమయం, సున్నా రాశాడు. నరహరి పక్కనుంచి ఆ పేజీ చూశాడు. పై నుంచి కింది దాకా సున్నాలే. 'పైదే' అని చెప్పే చుక్కల గుర్తు ఒక్కటి కూడా లేదు. ప్రతి సున్నా విడిగా, పూర్తిగా చుట్టి ఉంది. ఒక చోట మాత్రం తేదీ తప్పు పడితే దాని మీద ఒక్క గీత గీసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. గీత కింద తప్పు తేదీ స్పష్టంగా కనబడుతోంది.

కిందికి దిగాక నరహరి సంచి తీసి కుర్చీ పక్కన పెట్టాడు. సాబ్ దాన్ని ముట్టుకోలేదు.

"ఆదివారం నేను కూడ వస్త," అన్నాడు. "ఆటో మాట్లాడి పెట్టు."

"ఈ మోకాళ్ళతోనా?"

"నువ్వు ముందు నడువు. నేను వెనక వస్త."

 నరహరి సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం అరవై ఒక్క మంది వచ్చారు. తూర్పు గేటు లోపల నవ్వుల క్లబ్బు వాళ్ళు వలయంగా నిలబడి చేతులెత్తి నవ్వుతున్నారు. ఈ గుంపును చూసి వాళ్ళలో ఒకాయన నవ్వు ఆపి, "ఏంటి సార్, ఎలక్షనా?" అని అడిగాడు.

చలి బాగా ఉంది. మంచు మాత్రం లేదు. కుంట మీద మూడు కొంగలు, తుమ్మ మీద లకుముకి పిట్ట, కరెంటు తీగ మీద పసుల పోలిగాడు. కంసాలి పిట్ట ఎక్కడో టంకు టంకుమని కొడుతోంది. పోయిన వారం ఇవన్నీ వచ్చి ఉంటే, అని నరహరి అనుకున్నాడు. ఇవాళ వాటిని చూసేవాళ్ళు లేరు.

"ఇవి తర్వాత చూద్దాం సార్. ముందు నౌరంగ్ దగ్గరికి పోదాం," అన్నాడు సిద్దిపేట నుంచి వచ్చిన యువకుల్లో ఒకడు. "మూడింటికి లేచినం అన్నా. చేతులు హ్యాండిల్‌కు గడ్డకట్టినై."

పరాంకుశం ఇవాళ ఇంకా పొడుగు లెన్సు తెచ్చాడు. "నేను చూపిస్తాను రండి. పోయిన వారం నాకు పది ఫ్రేములు పడ్డాయి," అని వాళ్ళ భుజం మీద చెయ్యి వేశాడు.

సాబ్ బాగా వెనకబడ్డాడు. చేతిలో మడత స్టూలు. వంద అడుగులకు ఒకసారి దాన్ని విప్పి కూర్చుంటున్నాడు. లేస్తున్నాడు. మడుస్తున్నాడు. నరహరి వెనక్కి తిరిగినప్పుడల్లా ఆయన టోపీ మలుపు దగ్గర కనబడుతోంది.

మేడిచెట్టు దగ్గర అందరూ ఆగారు. ఎవరూ చెప్పకుండానే గొంతులు తగ్గించారు. అరవై మంది ఊపిరి బిగబట్టి వెదురు పొద వెనక్కి చూశారు. కొమ్మ అలాగే వంగి ఉంది. చివర మూడు ఆకుల్లో ఒకటి రాలిపోయింది.

ఐదు నిమిషాలు గడిచాయి.

"లేదు," అన్నారెవరో.

"పిట్ట కదండీ. రోజూ అక్కడే కూర్చోవడానికి దాని పేరు మీద ఉందా కొమ్మ?" అన్నాడు పరాంకుశం. "వెళ్ళిపోయి ఉంటుంది. వలస వచ్చింది కదా. అంతే కదా నరహరి గారూ?"

అందరూ నరహరి వైపు తిరిగారు.

అవునంటే సరిపోయేది. తల ఊపినా చాలు. పిట్టలు వెళ్ళిపోతాయి. వెళ్ళిన పిట్టను ఎవరూ నిలదీయరు. రిజిస్టరులో పేరు ఉండిపోతుంది. పద్దెనిమిది మంది సాక్షులుంటారు. ఇంటికి వెళ్ళి మధ్యాహ్నం దాకా పడుకోవచ్చు. నరహరికి ఆ క్షణాన అన్నిటికన్నా నిద్ర కావాలనిపించింది.

"సాబ్‌ను రానియ్యండి," అన్నాడు.

సాబ్ వచ్చాడు. గుంపు పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఆయన స్టూలు వేసి కూర్చున్నాడు. నరహరి వైపు చూడలేదు. మెడలోని పాత బైనాక్యులర్స్ ఎత్తి, మేడికొమ్మ వైపు పెట్టి, చూశాడు. చాలాసేపు చూశాడు. కొమ్మ మొదలు నుంచి చివర దాకా అద్దాలు నెమ్మదిగా కదిలాయి. చివర ఆగాయి. మళ్ళీ వెనక్కి వచ్చాయి. అద్దాలు అదరకుండా మోచేతులు మోకాళ్ళ మీద ఆనించుకున్నాడు.

ఆ తర్వాత అద్దాలు దించి, రుమాలుతో తుడుచుకున్నాడు. 

నరహరి తన బైనాక్యులర్స్ ఎత్తాడు. అదే కొమ్మను చూశాడు. దించాడు.

"కొమ్మ మీద ఏం లేదు," అన్నాడు. వెనక ఉన్నవాళ్ళకు వినబడలేదు. మళ్ళీ చెప్పాడు. "కొమ్మ మీద ఏం లేదు. పోయిన ఆదివారం గూడ లేకుండె. నేను చూడనిది చూసిన అని చెప్పిన."

వెదురాకులు కదిలిన చప్పుడు వినబడింది.

"అదేంటండీ!" అన్నాడు పరాంకుశం. "నేను చూశాను కదా. పద్దెనిమిది మందిమి చూశాం. మేమంతా అబద్ధం చెప్పినట్టా?"

"అబద్ధం చెప్పింది నేను సార్. మీరు నా మాట నమ్మిండ్రు."

"నమ్మడమేంటి? నా కళ్ళతో నేను చూశాను!"

 పరాంకుశం కెమెరాను సంచిలో పెట్టుకున్నాడు. జిప్పు రెండుసార్లు ఇరుక్కుంది. "ఇలాంటివాళ్ళ వెనక తిరిగితే ఇంతే," అని గేటు వైపు నడిచాడు. అతని వెనక ఇంకొందరు కదిలారు.

సిద్దిపేట యువకుడు నరహరి దగ్గరికి వచ్చాడు. "గదేదో మొన్ననే గ్రూపుల పెడితే అయిపోవు కదన్నా," అన్నాడు. కోపం కన్నా చలి ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

"అవును తమ్ముడూ. పెట్టాలె. ధైర్యం చాలలే."

ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "ఇంతదూరం వచ్చినం గదా, ఆ కుంట దగ్గర కొంగలనన్న చూసి పోదాం," అనుకుంటూ వెనక్కి వెళ్ళారు.

పది నిమిషాల్లో గుంపు పలచబడింది. మిగిలినవాళ్ళు ఎటు చూడాలో తెలియక చెప్పులు, చెట్లు చూస్తున్నారు. సువర్చల గారు వెళ్ళలేదు. ఆవిడ ముఖం ఎర్రబడింది. ముప్ఫై ఏళ్ళు బడిలో పిల్లల చేత నిజం చెప్పించిన మనిషి.

ఆవిడ బైనాక్యులర్స్ ఎత్తి మేడికొమ్మను చూసింది. తొందరపడలేదు. సాబ్ చూసినంతసేపూ చూసింది.

"ఏమీ లేదు," అంది. అద్దాలు దించకుండానే మళ్ళీ అంది. "నాకు ఆ రోజు కూడా ఏమీ కనబడలేదు బాబూ. అందరూ చూశామంటుంటే, నాకొక్కదానికే చూపు తగ్గిందేమో అనుకుని, తల తిప్పిందన్నాను."

పక్కనున్న ఆయన తన బైనాక్యులర్స్ ఎత్తాడు. ఆ పక్కావిడ ఎత్తింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ ఎత్తారు. ఎవరూ వేలు చూపించలేదు, ఎవరూ ఏదీ ఏదీ అనలేదు. ఒక ఒట్టి కొమ్మను, దాని బెరడు మీది తెల్ల మచ్చను, చివరి రెండు ఆకులను చూస్తూ నిలబడ్డారు.

నరహరి మేడిచెట్టు దగ్గరే నేల మీద కూర్చున్నాడు. రాతిబెంచీ దాకా నడిచే ఓపిక లేదు. రిజిస్టరు తెరిచి పోయిన వారం పేజీ తీశాడు. పొన్నంగి అన్న మాట మీద ఒక్క గీత గీశాడు. కింది అక్షరాలు కనబడేలా. పక్కన సంతకం పెట్టాడు. ఇరవై మూడేళ్ళలో ఆ రిజిస్టర్లలో అదే మొదటి కొట్టివేత.

పేజీ తిప్పి ఇవాళ్టి తేదీ వేశాడు. చేతి గడియారం చూశాడు. సరిగ్గా ఎనిమిదిన్నర.

"సాబ్, మీ గేజీ?"

"బేగం చూస్తది. తిట్టుకుంట చూస్తది గాని, చూస్తది."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నరహరి కొంగలు, లకుముకి, పసుల పోలిగాడు, కంసాలి రాశాడు. పెన్ను ఆగింది.

"ఇగ ఏం రాయాలె సాబ్?"

"మేడికొమ్మ మీద ఏం లేదని ఎంతమంది చూసినరు?"

నరహరి తల ఎత్తి లెక్కపెట్టాడు. "మీతోని కలిపి ఇరవై ముగ్గురు."

సాబ్ స్టూలు మడుస్తున్నాడు.

"ఇద్దరు చాలు కదా," అన్నాడు. "రాయి."